తప్పు చేతిది కాదు, తాడుది

చేపలు పట్టడం గురించి ఈ పేజీలో రాయడమేవిటని ముక్కున వేలేసుకోకండి. శాకాహారులు పత్రిక మూసెయ్యనూ అక్కర్లేదు. నేను చెప్పబోయే వేటలో చాలామంది చేపని తినరు. పట్టి, కాసేపు మురిసిపోయి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. కొన్ని ఏళ్ళలో అలా వదిలి తీరాలని నిబంధనే ఉంది. "ఆ భాగ్యానికి పట్టడం దేనికీ?" అంటారా? అది వేరే తగువు. ఇవాళ్టి నా తగువు తాడు గురించి. సరిగ్గా చెప్పాలంటే, తాడుని లెక్కచెయ్యని వాళ్ళతో.

మన ఇళ్ళల్లోంచి అమెరికా వెళ్ళిన పిల్లల్లో కొందరికి ఈ ఫ్లై ఫిషింగ్ పిచ్చి పట్టుకుంది. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళయితే శనివారం తెల్లారకుండా లేచి, రెండు మూడు గంటలు కారు నడుపుకుంటూ న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న క్యాట్‌స్కిల్ కొండలకి పోతారు. అక్కడి బీవర్‌కిల్ లాంటి ఏళ్ళకి, ఆ దేశంలో ఈ వేటకి పుట్టిల్లని పేరు. మొదట అబ్బాయి నేర్చుకుంటాడు. ఏడాది తిరిగేసరికి భార్యనీ రమ్మంటాడు. మంచిదే. కానీ తను కొత్త కర్ర కొనుక్కుని, పాత కర్రా, దానికి చుట్టి ఉన్న ఆరేళ్ళనాటి లైనూ ఆ అమ్మాయి చేతిలో పెడతాడు. ఆ పిల్ల విసురుతుంది. లైను వెళ్ళి ఎదర రెండు గజాల్లో, విప్పి పారేసిన ఉన్నిదారంలా కుప్పగా పడుతుంది. మళ్ళీ విసురుతుంది, మళ్ళీ కుప్పే. అప్పుడు ఒడ్డున ఉన్న నలుగురు మగవాళ్ళూ ఏకకంఠంతో తీర్పు చెబుతారు: "ఆడవాళ్ళకి మణికట్టులో బలం చాలదండీ!"

అయిపోయింది. మర్నాటినించీ ఆ అమ్మాయి ఒడ్డున దుప్పటి పరుచుకుని పులిహోర పొట్లాలు విప్పే ఉద్యోగంలో స్థిరపడిపోతుంది.

ఈ "బలం చాలదు" అన్న మాట ఉందే, అది శుద్ధ అబద్ధం. పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పు ఆ చేతిది కాదు, ఆ తాడుది. ఎలాగో చెబుతాను వినండి.

మన గోదావరి గట్టుమీద గాలం వేసే కుర్రాణ్ణి చూసే ఉంటారు. గాలానికి ఎర గుచ్చుతాడు, కాస్త పైన సీసపు గుండు కడతాడు, గిరగిరా తిప్పి వదుల్తాడు. గుండు బరువుకి దారం దాని వెనక పరిగెడుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఆ గుండు ఉండదు. ఫ్లై అంటే ఈగ. ఈకలూ, బొచ్చూ, పట్టుదారం చిన్న కొక్కేనికి చుట్టి చేసిన బొమ్మ ఈగ. దాని బరువెంత? ఊదితే ఎగిరిపోతుంది. దాన్ని నలభై అడుగుల దూరం ఎవరు మోసుకుపోవాలి? తాడే మోసుకుపోవాలి. అంచేత ఈ వేటలో బరువంతా తాడులోనే పెడతారు. తాడు బరువుకి కర్ర విల్లులా వంగుతుంది. చెయ్యి ఠక్కుమని ఆగగానే కర్ర నిటారుగా లేస్తుంది, తాడు గాలిలో చుట్టు విప్పుకుంటూ పోతుంది, చివరికి ఈగ నీటిమీద మెల్లిగా వాలుతుంది. వినడానికి ఇంద్రజాలంలా ఉంది గాని, ఇది మీరు రోజూ చేసేదే. తడిచీర ఆరెయ్యబోయేముందు రెండు కొసలూ పట్టుకుని ఒక్క విదుపు విదుపుతారు చూడండి, ఆ విదుపు అల అల్లే అవతలి అంచుదాకా పాకుతుంది. అక్కడ పనిచేసింది మీ కండబలమా? తడిచీర బరువూ, మీరు ఆపిన అదనూను. అదే పొడి నైలాన్ ఓణీని విదపండి, చేతికే చుట్టుకుంటుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతికి రండి. తాడు కర్రకి తగినంత బరువు లేకపోతే కర్ర వంగదు. వంగని కర్రతో తాడుని తోయాలంటే నిజంగానే బలం కావాలి. తాడు మరీ బరువైతే కర్ర వాలిపోతుంది, అదను తప్పుతుంది. సరైన బరువే అయినా, పాతబడి పైపూత పగిలిన లైను కర్రకున్న రింగుల్లోంచి గరగరమంటూ కదుల్తుంది, నీటిమీద తేలాల్సింది మునుగుతుంది. మునిగిన తాడుని లాగి మళ్ళీ విసరడానికి భీముడు దిగిరావాలి. మగవాడు ఈ లోపాలన్నిటినీ మోటుబలంతో కప్పిపుచ్చుకుంటాడు. ఆడపిల్ల కప్పిపుచ్చలేదు. తేడా అంతే. నిజానికి కప్పిపుచ్చుకున్నవాడు విసరడం ఎన్నటికీ నేర్చుకోడు.

సాక్ష్యం కావాలంటే ఒకావిడ పేరు చెబుతాను. జోన్ వుల్ఫ్. 1926లో న్యూజెర్సీలో పుట్టింది. కొన్నేళ్ళు పిల్లలకి నాట్యం నేర్పే బడి నడిపింది. 1951లో, మిగతావాళ్ళంతా మగవాళ్ళే అయిన దూరం విసిరే పోటీలో మొదటి బహుమానం పట్టుకుపోయింది. 1960లో 161 అడుగుల దూరం విసిరింది. తరవాత భర్త లీ వుల్ఫ్‌తో కలిసి, ఆ క్యాట్‌స్కిల్ కొండల్లోనే విసరడం నేర్పే బడి పెట్టింది. భర్త ఏం చేశాడో తెలుసా? ముందునించి వెనక్కి క్రమంగా లావెక్కే కొత్తరకం తాడు ఒకటి రూపొందించాడు. చూశారా, వేట బాగా తెలిసిన ఇంట్లో బుర్రలు పెట్టింది తాడు మీద!

మరి తక్కినవాళ్ళు దేనిమీద పెడుతున్నారు? కర్రమీద. ఎవరింటికి వెళ్ళినా కర్ర బయటికి తీస్తారు. "కార్బన్ ఫైబరండీ, ఈక బరువండీ, వెయ్యి డాలర్లండీ" అని పట్టుచీర మడతలు విప్పినట్టు విప్పి చూపిస్తారు. "లైనేం వాడుతున్నావు బాబూ?" అని అడిగితే, "ఏదో షాపువాడు చుట్టి ఇచ్చాడండీ" అంటారు. చేంతాడు చీకిపోతే నూతికి వెండి గిలక చేయించినట్టుంది! మధ్యరకం కర్రకి మంచి తాడు కడితే చక్కగా పనిచేస్తుంది. వెయ్యి డాలర్ల కర్రకి చచ్చు తాడు కడితే అది ఒట్టి కర్ర. ఈ మాట ఆ వేట తెలిసిన ఏ ముసలాయన్నయినా అడగండి, కాదంటే నన్నడగండి.

వెనకటివాళ్ళు ఇలా లేరు. 1496లో ఇంగ్లండులో అచ్చయిన ఒక చేపలవేట పుస్తకం ఉంది. జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చెప్పుకుంటారు. కాదనే పండితులూ ఉన్నారు లెండి. ఆడది రాసిందంటే పండితులకి అనుమానం రావడం కొత్తా? ఆ పుస్తకంలో తాడుకి జరిగిన మర్యాద చూడండి. తెల్లగుర్రం తోక వెంట్రుకలు తెచ్చి, ఏ కాలానికి ఏ రంగు అద్దాలో, ఏ చేపకి ఎన్ని వెంట్రుకలు పేనాలో లెక్క కట్టి చెప్పారు. అతి చిన్న చేపకి ఒకే ఒక్క వెంట్రుక. ట్రౌట్ చేపకి తొమ్మిది. పెద్ద ట్రౌట్‌కి పన్నెండు. సాల్మన్‌కి పదిహేను. పిల్ల జుట్టు చూసి ఎన్ని పాయల జడ వెయ్యాలో తేల్చే అమ్మమ్మలా లేదూ?

తరవాత పట్టుతాళ్ళొచ్చాయి. అల్లిన పట్టుకి అవిసెనూనె పట్టించి, ఆరబెట్టి, రుద్ది, మళ్ళీ పట్టించేవాళ్ళు. తాడు చివర కట్టే సన్నటి లీడర్‌ని కూడా పట్టుపురుగు కడుపులోంచే తీసేవాళ్ళు. గూడు కట్టబోయే పురుగుని వెనిగర్‌లో నానేసి, దాని పట్టుతిత్తిని తీగలా సాగలాగేవాళ్ళు. స్పెయిన్ దేశంలో మూర్సియా ఈ పనికి ప్రసిద్ధి. పాపం పురుగు! మన పట్టుచీరలకీ దాని ప్రాణమే పోయింది కనక మనం ఎక్కువ మాట్లాడలేం. ఆ పట్టుతాడుకి తేలడానికి కొవ్వు రాయాలి, సాయంత్రం ఇంటికొచ్చాక విప్పి ఆరెయ్యాలి. లేకపోతే జిగటెక్కి చీకిపోతుంది. అంత చాకిరీ చేయించుకునేది కాబట్టే ఆ రోజుల్లో తాడుకి గౌరవం ఉండేది. 1938లో నైలాన్ సంగతి లోకానికి తెలిసింది. 1950ల మొదట్లో నైలాన్ అల్లికమీద ప్లాస్టిక్ పూత పూసిన లైన్లు మార్కెట్లోకొచ్చాయి. ఆ పూతలో కంటికానని బోలు పూసలు కలుపుతారు, అందుకే తేలుతుంది. మునగాలంటే టంగ్‌స్టన్ పొడి కలుపుతారు. చాకిరీ తప్పింది, దాంతోపాటే మర్యాదా పోయింది.

ఇక నంబర్ల సంగతి. అసలు మోసం ఇక్కడుంది, కాస్త జాగ్రత్తగా వినండి.

పట్టుతాళ్ళ రోజుల్లో లావుని బట్టి అక్షరాలుండేవి. హెచ్.డి.హెచ్. అంటే కొసలు సన్నం, నడుమ లావు అన్నమాట. అన్నీ పట్టే కనక లావు తెలిస్తే బరువు తెలిసేది. నైలానూ ప్లాస్టిక్కూ వచ్చాక ఒకే లావున్న రెండు తాళ్ళకి రెండు బరువులయ్యాయి, అక్షరాలకి అర్థం లేకుండా పోయింది. అప్పుడు, 1960 ప్రాంతంలో, అమెరికాలో ఈ సామాను తయారుచేసేవాళ్ళ సంఘం కూచుని ఒక ధర్మమైన పద్ధతి పెట్టింది. కొసనున్న సన్నటి ముక్క వదిలేసి, మొదటి 30 అడుగులు తూచు. బరువుని బట్టి నంబరు వెయ్యి. నాలుగో నంబరుకి 120 గ్రెయిన్లు, అయిదుకి 140, ఆరుకి 160, ఎనిమిదికి 210. మన పాత తులం 180 గ్రెయిన్లు కదా? అంటే అయిదో నంబరు లైను ముప్పాతిక తులం పైచిలుకు. ఎనిమిదో నంబరు తులం దాటింది. బంగారం కొన్న చేతులకి ఈ తేడా నేను చెప్పాలా?

కర్రమీద పిడికి కాస్త పైన ఒక నంబరు రాసి ఉంటుంది. 5 అని ఉంటే అయిదో నంబరు లైను కట్టాలి. ఎంత సుఖం! కానీ ఇవాళ షాపులో 5 అని అచ్చేసిన పెట్టెలన్నీ 140 తూగవు. కొన్ని అరనంబరు ఎక్కువ, కొన్ని నిండా ఒక నంబరు ఎక్కువ. అంటే లోపలున్నది ఆరు, పైన అచ్చేసింది అయిదు! కొందరు పెట్టె వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో అసలు బరువు వేస్తారు, కొందరు అదీ వెయ్యరు. గాజుల షాపులో మనం "రెండూ ఆరు" అంటే రెండంగుళాల మీద ఆరు వీసాలని అర్థం. చార్మినార్ దగ్గరైనా, బందరులోనైనా అంతే. షాపతను రెండూ ఎనిమిది గాజులకి రెండూ ఆరు చీటీ కట్టి అమ్మితే ఊరుకుంటామా? అక్కడే డజనూ మొహాన కొట్టి వస్తాం. చేపల తాడుకి మాత్రం ఏ మొగాడూ నోరెత్తడు.

వాళ్ళ సమాధానం నాకు తెలుసు. "ఇప్పటి కర్రలు బిగుసుగా ఉంటాయమ్మా, వాటిని వంచాలంటే బరువు కావాలి, కొత్తవాళ్ళకి సులువుగా ఉంటుందని మేమే కాస్త బరువు కలుపుతున్నాం" అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. దగ్గర దూరాలకి విసిరేటప్పుడు బరువు తాడు మేలు చేస్తుంది. 30 అడుగులకి లెక్కగట్టిన బరువు, 15 అడుగులే బయటికి తీసినప్పుడు ఉండదు గదా! చిన్న సెలయేట్లో వేటాడేవాళ్ళు ఒక నంబరు పైది కట్టుకోవడం ఎప్పటినించో ఉన్నదే. కానీ అది తెలిసి చేసే పని. కర్ర బిగుసైతే కర్రమీద 6 అని రాయి. తాడు బరువైతే తాడుమీద 6 అని రాయి. కర్రనీ తాడునీ రెంటినీ తప్పు రాసి, రెండు అబద్ధాలు కలిస్తే ఒక నిజమవుతుందంటే ఎలా? బరువు నా మంచికే కలిపానన్నవాడు పాలల్లో నీళ్ళు కూడా మన మంచికే కలిపానంటాడు.

రెండో అన్యాయం, ఆకారం విషయంలో. లైన్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది వెయిట్ ఫార్వర్డ్. బరువంతా ముందు ముప్పై నలభై అడుగుల్లోనే ఉంటుంది, వెనకంతా సన్నటి దారం. దూరం విసరడానికి బాగుంటుంది. రెండోది డబుల్ టేపర్. రెండు కొసలూ ఒకలాగే సన్నబడతాయి, నడుమంతా ఒకే లావు. ముప్పై అడుగుల లోపు విసిరేవాళ్ళకి రెండింటికీ తేడా తెలియనే తెలియదు. కాని డబుల్ టేపర్‌లో ఒక సుగుణం ఉంది. ఒక కొస అరిగిపోతే తిప్పి చుట్టుకోవచ్చు. కాలరు చిరిగితే తిప్పి కుట్టించుకున్న కుటుంబాల్లోంచి వచ్చినవాళ్ళం, ఇంతకన్న మనకేం కావాలి? ఒక ఖరీదుకి రెండు తాళ్ళు! మరి ఇవాళ ఏ షాపుకి వెళ్ళినా వెయిట్ ఫార్వర్డ్ పాతిక రకాలు కనిపిస్తాయి, డబుల్ టేపర్ అడిగితే "అది పాతకాలంవాళ్ళదండీ" అంటారు. పాతకాలంవాళ్ళది కాదు, రెండేళ్ళకోసారి కొనకుండా తప్పించేది. అందుకూ కోపం.

మా బంధువుల అమ్మాయి ఒకతె ఇలాగే ఒక షాపుకి వెళ్ళింది. ఆ షాపు పేరెందుకు గాని, ఆవిడ నోరు తెరవకముందే గులాబీరంగు పిడి ఉన్న కర్ర తెచ్చి ముందు పెట్టారు. "లైను ఎన్ని గ్రెయిన్లు?" అని అడిగిందిట. "ఆ బాధ మీకెందుకు, మీ ఆయన చూసుకుంటారు" అన్నారుట. ఆవిడ కెమిస్ట్రీ లాబులో మిల్లిగ్రాములు తూచే మనిషి! తిన్నగా ఇంటికొచ్చి, తన తూనికమీద మొగుడి లైనే ముప్పై అడుగులు కొలిచి తూచింది. పెట్టెమీద అయిదు, తూనికమీద ఆరు. ఆనాటినించీ ఆ ఇంట్లో తాళ్ళు కొనేది ఆవిడే.

మీరూ ఆ పని చెయ్యొచ్చు. కొడుక్కో అల్లుడికో పుట్టినరోజు కానుక కొనాలన్నా, మీ అమ్మాయికి తగినది ఏదో తేల్చాలన్నా అడగవలసినవి నాలుగే ప్రశ్నలు. కర్రమీద నంబరెంత? విసిరే ఏరు ఎంత వెడల్పు? ఎంత ఈగ కడతారు? తేలాలా, మునగాలా? చిన్న సెలయేళ్ళకీ చిన్న ఈగలకీ మూడూ నాలుగూ నంబర్లు. మామూలు ట్రౌట్ వేటకి అయిదో ఆరో. గాలికి ఎదురు విసిరే పెద్ద పెద్ద ఈగలకి ఏడూ ఎనిమిదీ. మొదటి తాడు తేలేదే కొనండి. మునిగే తాళ్ళు లోతైన చెరువులకి కావాలి గాని, ఏట్లో ఈగనే కాస్త బరువుగా కట్టి, లీడర్ పొడుగు పెంచితే తేలే తాడుతోనే అడుగుదాకా పంపొచ్చు. పెట్టెమీద డబ్ల్యు.ఎఫ్.5.ఎఫ్. అని ఉంటే హడలిపోకండి. బరువు ముందున్న, అయిదో నంబరు, తేలే తాడు అని దాని అర్థం. మొదట డి.టి. అని ఉంటే మన తిప్పుకునే తాడు. కొన్నాక గోరువెచ్చటి సబ్బునీళ్ళలో అప్పుడప్పుడు తుడవండి, ఎండలో కారులో వదిలెయ్యకండి. దోమలు కుట్టకుండా రాసుకునే మందు చేతులతో మాత్రం ముట్టుకోకండి, అందులో డీట్ ఉంటే పైపూతని తినేస్తుంది.

ఇంతా చెప్పి నేను అడిగేవి మూడే. తయారుచేసేవాళ్ళు ప్రతి పెట్టెమీదా, నంబరు ఎంత అక్షరాల్లో వేస్తారో అంత అక్షరాల్లోనే, మొదటి 30 అడుగుల బరువు వెయ్యాలి. కొనేవాళ్ళు కర్రమీద పెట్టే డబ్బులో కొంత తగ్గించి తాడుమీద పెట్టాలి. ఇక మూడోది మన ఇంటి మగవాళ్ళకి. ఆడపిల్ల చేతికి కర్ర ఇచ్చేటప్పుడు, నాయనా, ముందు దానికి కొత్త తాడు కట్టి ఇవ్వండి. కట్టి ఇచ్చాక కూడా కుప్పపడితే అప్పుడు మణికట్టు గురించి మాట్లాడుకుందాం. అంతదాకా ఆ పులిహోర పొట్లాలు మీరే విప్పండి.